పాత బాయి నీళ్లు

సింగరేణి ఊళ్లలో 'బాయికి పోయిండు' అంటే బొగ్గు గనికి డ్యూటీకి వెళ్లాడని. పొలం బావిలో నీళ్లు పడితే రైతు కొబ్బరికాయ కొడతాడు. ఈ బాయిలో గోడ చెమ్మగిల్లినా టెన్షనే. గని ప్రమాదం అనగానే చాలామందికి పైకప్పు కూలడమో గ్యాస్ పేలడమో గుర్తొస్తుంది కానీ, మన దేశంలో అన్నిటికంటే ఎక్కువమందిని బలిగొన్న గని ప్రమాదానికి కారణం నీళ్లే. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో 375 మంది మునిగిపోయారు.

భూమి లోపలికి అన్ని నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? బొగ్గు తవ్వుతున్నంతకాలం ఊట వస్తూనే ఉంటుంది, పంపులు రాత్రీపగలూ తోడుతూనే ఉంటాయి. బొగ్గు అయిపోయి బాయి మూసేశాక పంపులు తీసేస్తారు. నాలుగు వానాకాలాలు గడిచేసరికి ఖాళీ సొరంగాలు నిండిపోతాయి. ఆ పక్కనో, కింది పొరలోనో కొత్త గని నడుస్తుంటుంది. రెంటికీ మధ్య వదిలేసిన బొగ్గు గోడే అడ్డం. 10 మీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే గోడ అడుగున ప్రతి చదరపు మీటరు మీదా 10 టన్నుల ఒత్తిడి పడుతుంది, 100 మీటర్లు నిలిస్తే 100 టన్నులు. గోడ మందం ఎంతో ఇవతల నిలబడ్డ కార్మికుడికి కనిపించదు. నక్షా, అంటే గని మ్యాపు చూసి చెప్పాల్సిందే. చిక్కంతా ఆ నక్షా దగ్గరే.

గనులకు తొలి ఇన్‌స్పెక్టర్ వచ్చింది 1894లో. కోలారు బంగారు గనుల్లో 1897లో 52 మంది, ఆ తర్వాత బలూచిస్తాన్‌లోని ఖోస్ట్ బొగ్గు గనిలో 47 మంది చనిపోయాక గాని 1901లో గనుల చట్టం రాలేదు. ఇప్పటి నిబంధనలకు మూలం 1952 నాటి చట్టం, 1957 నాటి బొగ్గు గనుల రెగ్యులేషన్లు. ఆ రెంటికీ నడుమ, 1954 డిసెంబరులో మధ్యప్రదేశ్‌లోని న్యూటన్ చిక్లీ గనిని నీళ్లు ముంచెత్తి 63 మందిని పొట్టన పెట్టుకున్నాయి.

1957 రెగ్యులేషన్లు 60 మీటర్ల లెక్క పెట్టాయి. పాత తవ్వకాలకు అంత దగ్గరికి వస్తే అనుమతి లేకుండా ముందుకు పోకూడదు. అనుమతి వచ్చినా గుడ్డిగా తవ్వకూడదు. ఫేస్ (బొగ్గు తవ్వుతున్న గోడ) మధ్యలోంచి, పక్కల నుంచి కనీసం 3 మీటర్ల ముందుకు బెజ్జాలు వేసుకుంటూ, వాటిలోంచి నీటి చుక్క రాలేదని చూసుకుంటూ అడుగు వేయాలి. డ్రిల్ పక్కనే చెక్క బిరడాలు సిద్ధంగా పెట్టుకోవాలి, నీళ్లు చిమ్మితే వెంటనే బిగించడానికి. పొడిగా ఉండే బొగ్గు ఉన్నట్టుండి చెమర్చినా, కుళ్లిన కోడిగుడ్ల వాసన వచ్చినా అవతల ఏళ్లతరబడి నిలవ ఉన్న నీళ్లున్నాయని అనుమానించాలి.

రూల్‌లో లోపం లేదు. కానీ ఆ 60 మీటర్లను ఎక్కడి నుంచి కొలవాలి? మూసేసిన గని నక్షాను ప్రభుత్వానికి అప్పగించాలని చట్టం చెబుతుంది. బొగ్గు గనుల జాతీయీకరణకు ముందు ఝార్ఖండ్‌లోని ఝరియా, బెంగాల్‌లోని రాణిగంజ్‌లలో వందలాది చిన్న యజమానులు తవ్వుకున్నారు. హద్దు దాటి పక్కవాడి బొగ్గు తవ్వుకున్నవాడు దాన్ని నక్షాలో గీసి మరీ సర్కారుకు ఇస్తాడా!

1989 నవంబరు 13న రాణిగంజ్‌లోని మహాబీర్ గనిలో పేలుళ్లకు నీళ్లున్న పాత తవ్వకాల గోడ పగిలింది. ఆరుగురు చనిపోయారు, 65 మంది లోపల చిక్కుకున్నారు. పైనుంచి మనిషి పట్టేంత బోరు వేసి, ఒక్కరే నిలబడగలిగే ఉక్కు క్యాప్స్యూల్‌ను తాడుతో దింపారు. ముందుగా దిగింది ఇంజనీర్ జస్వంత్ సింగ్ గిల్. 65 మందినీ ఒక్కొక్కరినే పైకి పంపి, ఆయన చివర వచ్చారు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. 2001 ఫిబ్రవరిలో ఝరియాలోని బాగ్‌డిగీలో 29 మంది పోయారు. అక్కడా నీళ్లు వచ్చింది మూతబడ్డ పక్క గని నుంచే. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని జీడీకే-7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు.

చాస్‌నాలా కేసులో ధన్‌బాద్ కోర్టు తీర్పు 2012లో వచ్చింది. అప్పటికి బతికున్న ఇద్దరు మాజీ అధికారులకు ఏడాది జైలు. ప్రమాదం జరిగి అప్పటికే 36 ఏళ్లు దాటింది.

మేఘాలయలో మనిషి పాకుతూ వెళ్లే ఇరుకు 'ఎలుక బొరియ' గనుల్లో నక్షా అన్న మాటే లేదు. 2014లో హరిత ట్రైబ్యునల్ నిషేధించినా తవ్వకం ఆగలేదు. 2018 డిసెంబరు 13న క్సాన్‌లో 15 మంది నీళ్లలో చిక్కుకుపోయారు. 2025 జనవరిలో అస్సాంలోని ఉమ్రాంగ్సోలో మరో తొమ్మిది మంది.

2025 నవంబరు 21 నుంచి 1952 చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. మరోవైపు సింగరేణిలో భూగర్భ గనులు తగ్గి, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులే బొగ్గులో ఎక్కువ భాగం ఇస్తున్నాయి. వాటిలో కొన్ని పాత బాయిల మీదే తెరిచినవి. అక్కడ బెంచీ (మెట్టులా తవ్విన నేల) మీదికి వంద టన్నుల డంపర్‌ను పంపే ముందు నేలలోకి బెజ్జాలు వేసి, కింద పాత గ్యాలరీ (సొరంగం) ఎక్కడుందో, అందులో ఉన్నది గాలో నీళ్లో చూసుకోవాలి. ఎక్కడ బెజ్జం వేయాలో తేల్చుకోవడానికి సర్వేయర్ మళ్లీ పాత నక్షానే తీస్తాడు.