పసిగుడ్డు చావుకి కారణం: ఫారం 4లో పై గీత గొడవ

ఇండోర్‌లో 2025లో జరిగింది గుర్తుంది కదా. ఎం.వై. ఆసుపత్రిలో పసిపిల్లల ఐసీయూలో ఇద్దరు బిడ్డల్ని ఎలకలు కొరికాయి, తర్వాత ఇద్దరూ చనిపోయారు, ఆసుపత్రి వాళ్ళేమో ఎలకల వల్ల కాదు, పుట్టుకతో ఉన్న లోపాలూ ఇన్ఫెక్షనూ కారణం అన్నారు, హైకోర్టు తనంతట తనే కేసు తీసుకుంది. మనకి ఇది కొత్త మాటేం కాదు. 2015 ఆగస్టులో గుంటూరు జీజీహెచ్‌లో ఆపరేషన్ అయిన పది రోజుల పసివాడిని ఎలకలు కొరికాక చనిపోతే అప్పుడూ విన్నాం, బిడ్డకి పుట్టుకతోనే సమస్య ఉందని. ఎలకలు లేనిచోట కూడా అదే. 2019 డిసెంబర్‌లో రాజస్థాన్‌లోని కోటాలో, జేకే లోన్ ఆసుపత్రిలో ఒక్క నెలలో వంద మంది దాకా పిల్లలు పోతే, బరువు తక్కువ పిల్లలు, సీరియస్‌గా తెచ్చారు అన్నారు.

శిశు మరణాల రేటు ఎంత నుంచి ఎంతకి తగ్గింది, ఏ పథకం ఎప్పుడొచ్చింది, అవన్నీ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. నాకు కావలసింది ఒక్క కాగితం. ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే డాక్టర్ నింపే ఫారం 4. అందులో ఎ, బి, సి అని మూడు గీతలుంటాయి. పై గీతలో ప్రాణం తీసింది ఏంటో రాయాలి, కింద గీతల్లో అది దేనివల్ల వచ్చింది, దాని వెనక ఏముంది అని రాసుకుంటూ పోవాలి. చాలాసార్లు పై గీతలో ఏం రాస్తారంటే, గుండె, ఊపిరి ఆగిపోయాయి అని. చనిపోయిన ప్రతి మనిషికీ ఆగేవి అవే కదా, అది కారణం ఎలా అవుతుంది? కింద గీతలో మాత్రం నెలలు నిండలేదు అనో బరువు తక్కువ అనో ఉంటుంది, ప్రెస్ మీట్‌లో చదివి వినిపించేది ఆ కింద గీతనే.

నా దృష్టిలో ఈ కథ మలుపు తిరిగింది దక్షిణాఫ్రికాలో, సోవెటోలో. 2015లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో, ఎమరీ యూనివర్సిటీ ఆధ్వర్యంలో, పిల్లలు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి చాంప్స్ అనే నెట్‌వర్క్ మొదలైంది, మొజాంబిక్, కెన్యా, మాలి, బంగ్లాదేశ్ లాంటి చోట్ల కూడా పనిచేస్తుంది. అంతకుముందు పేద దేశాల్లో పసిబిడ్డ ఎందుకు పోయిందో తెలుసుకోడానికి ఉన్న దారి ఒకటే, ఇంటికెళ్ళి తల్లిని అడగడం. పుట్టగానే ఏడ్చిందా, పాలు ఎప్పుడు మానేసింది, ఒళ్ళు చల్లబడిందా, బొడ్డు దగ్గర ఎర్రగా ఉందా అని. ఆ తల్లి చెప్పేది నిజమే, కానీ పాలు మానేసి ఒళ్ళు చల్లబడటం ఇన్ఫెక్షన్‌లోనూ ఉంటుంది, నెలలు నిండని బిడ్డలోనూ ఉంటుంది, పుట్టగానే ఊపిరాడని బిడ్డలోనూ ఉంటుంది, ఏదని తేలుస్తారు? పోస్ట్‌మార్టం చేద్దామంటే, పసిగుడ్డుని కొయ్యనివ్వం అంటారు చాలా ఇళ్ళల్లో.

చాంప్స్ వాళ్ళు కొయ్యలేదు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే సన్నటి సూదితో ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు నుంచి చిన్న చిన్న ముక్కలు, కొంచెం రక్తం, వెన్నులో నీరు తీసి, బిడ్డని ఆ సూది గుర్తులు తప్ప ఏమీ లేకుండా ఇంటికి ఇచ్చేశారు. తర్వాత పిల్లల డాక్టర్లు, పాథాలజిస్టులు, మైక్రోబయాలజిస్టులు ఒక టేబుల్ చుట్టూ కూర్చుని మూడు గీతలూ నింపారు. సోవెటోలో ఏం తేలిందంటే, చాలామంది బిడ్డలకి కింద గీతలో నెలలు నిండకపోవడం ఉంది, నిజమే, కానీ పై గీతలో సగానికి పైగా ఇన్ఫెక్షన్ ఉంది, అందులో ఎక్కువ భాగం ఆసుపత్రిలో అంటుకున్నవే. అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, అంటే ఆసుపత్రి బాక్టీరియాలు. అంటే తల్లిదండ్రులూ, ఆసుపత్రీ, రెండు పక్షాలూ చెప్పేది నిజం కావచ్చు, కానీ ఆసుపత్రి సగం చెప్పి ఆపేస్తోంది.

ఇది మన దగ్గర తెలియని సంగతా అంటే కాదు. గోదావరి దాటితే వచ్చే మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణి బంగ్ 1995లోనే 39 ఊళ్ళలో పుట్టిన ప్రతి బిడ్డనీ రికార్డు చేయించారు, ఆ ఏడాది పోయిన పసిబిడ్డల్లో 52.5 శాతం మందికి అసలు కారణం సెప్సిస్ (ఒళ్ళంతా పాకిన ఇన్ఫెక్షన్), న్యుమోనియా అని తేలింది, పైగా చాలామంది బిడ్డలకి ఒక్క జబ్బు కాదు, రెండు మూడు కలిసి ఉన్నాయి. ఆ తర్వాత పురుళ్ళు ఇంటి నుంచి ఆసుపత్రికి మారాయి, ఇన్ఫెక్షన్ కూడా వెంట వచ్చింది. 2011 నుంచి 2014 వరకు ఢిల్లీలో మూడు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీయూలో చేర్చిన 13,530 మంది పసిబిడ్డల్ని గమనిస్తే దాదాపు ఏడుగురిలో ఒకరికి సెప్సిస్, అందులో మూడింట రెండు వంతులు పుట్టిన 72 గంటల్లోపే. మళ్ళీ అవే పేర్లు, అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, చాలా వాటి మీద మామూలు యాంటీబయాటిక్స్ పని చెయ్యవు.

డాక్టర్ల బాధ కూడా ఉంది. బిడ్డని వెచ్చగా ఉంచే ఒక్క వార్మర్‌లో ఇద్దరు ముగ్గురు బిడ్డల్ని పెట్టాల్సి వస్తే చేతులు ఎన్నిసార్లు కడుక్కోగలరు, వెయ్యి గ్రాముల బిడ్డని బతికించడం ఎంత కష్టమో వాళ్ళకే తెలుసు. కానీ ఆ బిడ్డ బలహీనంగా ఉందని తెలిసే కదా ఐసీయూలో పెట్టింది. బలహీనమైన బిడ్డ కాబట్టి పోయింది అంటే, ఐసీయూలో ఏం జరిగిందన్న ప్రశ్నకి అది జవాబు కాదు. ఇండోర్‌లోనూ గుంటూరులోనూ అడగాల్సిన ప్రశ్న ఇదే.

జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించాక 2023 అక్టోబర్ 1 నుంచి మరణ కారణం సర్టిఫికెట్ కాపీని ఆసుపత్రి దగ్గరి బంధువుకి ఉచితంగా ఇవ్వాలి. ఇది చాలామందికి తెలీదు. అడిగి తీసుకోండి. పై గీతలో గుండె ఆగిపోయింది అని రాసుంటే, ఎందుకు ఆగింది, బ్లడ్ కల్చర్ (రక్తంలో బాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష) తీశారా, తీస్తే ఏ బాక్టీరియా వచ్చింది అని అడగండి.