ఆరేళ్ల తర్వాత తాళం తిప్పే ముందు

అమలాపురం దగ్గర మా మామయ్య ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక అంబాసిడర్ ఉంది. 1984 నాటి మార్క్ 4, పెట్రోలు బండి, నాలుగు సిలిండర్లు, 1489 సీసీ ఇంజిన్. ఆరేళ్ల కిందట కంటి ఆపరేషన్ అయ్యాక మామయ్య బండి తీయడం మానేశారు. అప్పటినుంచి దాని మీద టార్పాలిన్, చక్రాల కింద ఇటుకలు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయనే అడిగారు: "ఒకసారి తాళం తిప్పి చూడరా, పలుకుతుందేమో."

నేను తాళం అందుకోబోతుంటే మామయ్య పిలిపించిన పాత మేస్త్రి గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగండి బాబూ. తాళం ఆఖర్న. ముందు లోపల ఏం జరిగిందో చూద్దాం." ఆయన పక్కన గడిపిన రెండు రోజుల్లో నాకు బోధపడిన భౌతిక, రసాయన శాస్త్రాలు కాలేజీలో నాలుగేళ్లు చదివినా ఇంత బాగా తలకెక్కలేదు.

బండి ఆగిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుందనీ, కొత్త బ్యాటరీ వేస్తే చాలనీ చాలామంది అనుకుంటారు. ఇంజిన్ తిరగడం ఆగింది గానీ రసాయన చర్యలు ఒక్క పూట కూడా ఆగలేదు. బ్యాటరీ పలకల మీద, పెట్రోలు ట్యాంకులో, సిలిండర్ గోడల మీద, నిప్పురవ్వ కోసం కరెంటును కలిపి తెంచే పాయింట్ల మొహాల మీద వేటి పని అవి చేసుకుపోతూనే ఉన్నాయి. అందుకే ఏళ్ల తరబడి నిలబడ్డ బండికి రోగం ఒక్కటే ఉండటం అరుదు. మూడో నాలుగో ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉంటాయి, ముందుది తీస్తే గాని వెనకది బయటపడదు. అన్నీ ఒకేసారి మార్చేస్తే బండి పలకొచ్చు, పలక్కపోవచ్చు. పలికినా ఏది పాడైందో మనకు తెలియదు.

మేస్త్రి గారు మొదట చూసింది ఇంజిన్ చేత్తో తిరుగుతుందా అని. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఎక్కడ ఆగినా దాదాపు ఎప్పుడూ ఏదో ఒక వాల్వు తెరుచుకునే ఉంటుంది. ఆ దారిన కోనసీమ తేమ గాలి సిలిండర్లోకి వెళ్తుంది. గోడ మీది నూనె పొర నెలల మీద జారిపోతుంది. పోత ఇనుప గోడకు పిస్టన్ రింగులు ఆనుకున్న చోట తుప్పు మొదలై రెంటినీ కలిపి పట్టేస్తుంది. ఆ స్థితిలో స్టార్టర్ మోటారు బలవంతాన లాగితే రింగు విరగొచ్చు, గోడ గీసుకుపోవచ్చు. ఆయన నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి, పైన గుడ్డ కప్పి, "ఇవాళ్టికి ఇంతేనండి" అని వెళ్లిపోయారు. నాకు కొంచెం నిరాశ కలిగింది. కానీ నూనె ఆ సన్నటి సందుల్లోకి ఇంకడానికి ఒక రాత్రి పడుతుంది, తొందరపెడితే ఇంకదు.

మర్నాడు పొద్దున్నే ముందు బంపరు దగ్గరి రంధ్రంలో ఇనప హ్యాండిల్ దూర్చి మెల్లగా తిప్పాం. ప్లగ్గులు లేవు కాబట్టి లోపల గాలి నొక్కుకుపోదు, చేతికి తగిలే బరువంతా రాపిడే. పావు చుట్టు దాకా బిగుతుగా వచ్చింది, తర్వాత వదిలింది. నాలుగైదు చుట్లు సాఫీగా తిరిగాక ఆయన మొహంలో వెలుగు చూశాను.

ఇక బ్యాటరీ. పాతది 8 ఓల్టులు కూడా చూపలేదు. 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసం, ఆమ్లం బ్యాటరీ మూలసూత్రం ఇప్పటికీ అదే. వాడకపోయినా అది తనంతట తాను ఖర్చవుతుంది, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు సుమారు రెట్టింపవుతుంది. ఖర్చయ్యే కొద్దీ పలకల మీద సీసం సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జి చేస్తే సన్నటి ఆ పొర తిరిగి కరుగుతుంది. నెలల తరబడి వదిలేస్తే ముతక స్ఫటికాలుగా గట్టిపడి చార్జర్‌కు లొంగదు. మామయ్య ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి తగిలించాం. ఆరు గదులు, గదికి 2.1 ఓల్టులు, మొత్తం 12.6. మీటరు సరిగ్గా అంతే చూపించింది. ప్లగ్గులు బిగించి, రవ్వకు కరెంటిచ్చే కాయిల్ తీగ ఊడదీసి, తాళం తిప్పాను. ఇంజిన్ మూలుగుతూ అర చుట్టు తిరిగి ఆగిపోయింది.

స్టార్టర్ మోటారు పోయింది అన్నాను నేను. ఎవరైనా అదే అంటారు, దాన్ని విప్పించి బాగుచేయించడానికి పంపించేస్తారు కూడా. మేస్త్రి గారు మాత్రం నన్ను తాళం పట్టుకోమని, మీటరు ముళ్లు ఒక్కోచోట ఆనించి చూశారు. బ్యాటరీ కొమ్ముల మధ్య 11.6 ఓల్టులు. అదే క్షణంలో స్టార్టర్ దగ్గర 8.2. మధ్యలో 3.4 ఓల్టులు ఎక్కడో మాయమయ్యాయి.

మేడ మీది నీళ్ల ట్యాంకు నిండుగా ఉండి, పైపులో పాచి పట్టి ఉందనుకోండి. కొళాయి కట్టేసి ఉన్నంతసేపూ కింద ఒత్తిడి పూర్తిగానే ఉంటుంది, లోపం తెలియదు. కొళాయి విప్పితేనే ధార సన్నబడుతుంది. కరెంటుదీ అదే తీరు. ఊరికే మీటరు పెట్టి చూస్తే 12.6 ఓల్టులు చివరిదాకా కనిపిస్తాయి, ఎందుకంటే మీటరు తాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. స్టార్టర్ మాత్రం 150 ఆంపియర్ల దాకా లాగుతుంది. అప్పుడు దారిలో 0.02 ఓమ్‌ల నిరోధం ఉన్నా చాలు, ఓమ్ సూత్రం ప్రకారం 3 ఓల్టులు అక్కడే హరించుకుపోతాయి. అంత చిన్న నిరోధాన్ని మామూలు మీటరు ఓమ్‌ల వైపు పెట్టి కొలవలేం, దాని తీగల నిరోధమే అంతకంటే ఎక్కువ. బరువు మోస్తున్నప్పుడు, ఓల్టుల్లోనే పట్టుకోవాలి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నచ్చినది ఇదే: పనిలేనప్పుడు ఆ లోపం ఎక్కడా లేదు, పని మొదలుపెడితేనే పుడుతుంది.

బ్యాటరీ నెగటివ్ కొమ్ము నుంచి బాడీకి కొలిస్తే 0.2 ఓల్టులే. బాడీ నుంచి ఇంజిన్‌కి కొలిస్తే 2.8. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకని రెంటినీ కలుపుతూ అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. దాని మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. 150 ఆంపియర్లు, 2.8 ఓల్టులు, అంటే 420 వాట్లు. ఇస్త్రీ పెట్టె కాలే వేడిలో దగ్గర దగ్గర సగం ఆ పట్టీ చివరే పుడుతోంది. బోల్టు విప్పితే పచ్చటి చిలుము, దాని కింద తుప్పు. ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాక నష్టం 0.3 ఓల్టులకు పడిపోయింది. ఇంజిన్ గిర్రున తిరిగింది. స్టార్టర్ మోటారులో ఏ లోపమూ లేదు.

కాయిల్ తీగ మళ్లీ తగిలించాం. తిరుగుతోంది, అంటుకోవడం లేదు. ఇప్పుడు నిప్పురవ్వ ఉందా, పెట్రోలు అందుతోందా అన్నవి రెండే ప్రశ్నలు. ప్లగ్గు విప్పి ఇంజిన్‌కి ఆనించి తిప్పితే రవ్వ లేదు. ఇలా చూసేటప్పుడు ప్లగ్గును రంధ్రానికి దూరంగా పెట్టాలి, లోపలి నుంచి ఆవిరి తన్నితే అంటుకుంటుంది.

పాత బండ్ల రవ్వ విధానం అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించినది, 1910 కాడిలాక్ కార్లలో వచ్చింది. కాయిల్ లోపల లావు తీగ చుట్టలో కరెంటు పారుతుంటుంది. పాయింట్లు తెరుచుకోగానే అది టక్కున తెగి, అయస్కాంత క్షేత్రం కూలి, సన్నతీగ చుట్టలో వేల ఓల్టులు పుడతాయి. ఆ పాయింట్లు సాధారణంగా టంగ్‌స్టన్‌వి, తెరుచుకునే సందు 0.4 మిల్లీమీటర్లు. బండి రోజూ తిరుగుతుంటే వాటి మొహాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ శుభ్రంగా ఉంటాయి. ఆరేళ్లు కదలకపోతే కంటికి కనపడనంత పలుచటి ఆక్సైడ్ పొర కడుతుంది. అది కరెంటును పోనివ్వదు. తెరుచుకునే ముందు మూతపడాలి కదా. మూతపడినా కలవకపోతే తెగడానికి కరెంటే ఉండదు.

పరీక్ష చాలా చక్కనిది. పాయింట్లు మూసుకున్న చోట ఇంజిన్ని ఆపి, స్విచ్ వేసి, కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే కొమ్ము దగ్గర కొలవాలి. పాయింట్లు కలిస్తే సున్నాకు దగ్గరగా రావాలి. మాకు 12 వచ్చింది. చూడటానికి మూసుకుని ఉన్నాయి, కరెంటు లెక్కలో తెరిచే ఉన్నాయి. సన్నటి ఆకురాయి రెండుసార్లు ఆడించి, పొడి అట్టముక్కతో తుడిస్తే ప్లగ్గు దగ్గర నీలిరంగు రవ్వ టపటపా కొట్టింది. ఆ దశలో చాలామంది కాయిల్, కండెన్సర్, ప్లగ్గులు, తీగలు అన్నీ కొనేస్తారు.

పెట్రోలు సంగతి ముక్కుకే తెలిసింది. ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసన లేదు, వార్నిష్ వాసన. పెట్రోలు ఒకే పదార్థం కాదు, సుమారు 4 నుంచి 12 కార్బన్ పరమాణువులున్న హైడ్రోకార్బన్ల కలగలుపు. చల్లని ఇంజిన్ అంటుకోవడానికి కావాల్సింది అందులోని తేలికవి. పెంటేన్ 36 డిగ్రీలకే మరుగుతుంది, ఎండాకాలం రేకుల షెడ్డులో అది ఎన్నాళ్లు నిలుస్తుంది? అవి ఎగిరిపోయాక మిగిలిన బరువైనవాటిలో కొన్ని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే గాలిలో తేమను కూడా పీల్చుకుంటుంది, మోతాదు మించితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. ట్యాంకు దించి అంతా ఒంపేశాం. టీ రంగులో ఉంది.

పెట్రోలు పంపు, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ విప్పే ముందు మేస్త్రి గారు ఒక చిన్న పని చేశారు. కార్బురేటర్ గొంతులో ఒక్క చెంచా కొత్త పెట్రోలు పోసి, సీసా దూరంగా పంపించేసి, ఎయిర్ ఫిల్టర్ తిరిగి బిగించి, తిప్పమన్నారు. ఇంజిన్ మూడు సెకన్లు గర్జించి ఆగిపోయింది. మామయ్య నిరాశగా చూశారు. మేస్త్రి గారు నవ్వారు. ఆ మూడు సెకన్లతో పిస్టన్లు గాలిని నొక్కుతున్నాయని, వాల్వులు మూసుకుంటున్నాయని, రవ్వ సరైన సమయానికే పడుతోందని తేలిపోయింది. మిగిలింది పెట్రోలు దారి ఒక్కటే. పంపులో రబ్బరు పొర చెక్కలా బిగుసుకుపోయింది. కార్బురేటర్ జెట్లలో, అంటే పెట్రోలు చిమ్మే సన్నటి రంధ్రాల్లో, జిగురు. కొత్త పొర కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే రకం అడిగి తీసుకున్నాం. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, 1984 నాటి రబ్బర్లు దాన్ని ఊహించినవి కావు.

బండిని షెడ్డులోంచి బయటకు నెట్టాకే మళ్లీ తాళం తిప్పాం. మూసిన షెడ్డులో పాత ఇంజిన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఈసారి అందుకుంది, ఆగలేదు. ఆయిల్ ప్రెషర్ దీపం ఆరిపోయింది, అంటే నూనె ఒత్తిడి అందుకుంది. మామయ్య బానెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడ్డారు.

సైలెన్సర్ నుంచి నీళ్లు కారుతుంటే ఆయన కంగారుపడ్డారు. అది లోపం కాదు. పెట్రోలులోని హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు పుడుతుంది, ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ అది ఆవిరిగా బయటకు పోలేక లోపలే చెమర్చుతుంది. వారానికోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే బండి బాగుంటుందనుకుంటారు గానీ, ఆ నీరంతా సైలెన్సర్లో, ఆయిల్లో నిలిచి తుప్పు పట్టిస్తుంది. తీస్తే పూర్తిగా వేడెక్కేదాకా నడపాలి, లేదా అసలు తీయకూడదు. బ్రేకులు ఇంకా పట్టేసే ఉన్నాయి, రోడ్డెక్కే వీల్లేదు. అందుకని పెరట్లోనే కొబ్బరిచెట్టు కింద కుర్చీలు వేసుకుని, ఆ చుక్కలు ఆగేదాకా ముగ్గురం కూర్చున్నాం.