పర్యాటకుడి డబ్బు ఎవరి చేతికి చేరుతుంది?

సిమెంటు పరిశ్రమ దేశానికి ఎంత సంపాదించిందో లెక్కకట్టడం పెద్ద కష్టం కాదు. ఫ్యాక్టరీలు ఎన్నో తెలుసు, బస్తాలు ఎన్నో తెలుసు. పర్యాటకానికి అలాంటి ఫ్యాక్టరీ లేదు. జాతీయ ఆదాయ లెక్కల్లో హోటళ్లకు ఒక వరుస ఉంటుంది, రవాణాకు ఒకటి, చిల్లర వ్యాపారానికి ఒకటి. పర్యాటకం అనే వరుసే ఉండదు. ఒకే బస్సులో పక్కపక్కన ఇద్దరు కూర్చున్నారనుకోండి. ఒకరు రోజూ ఆఫీసుకు వెళ్లే మనిషి, ఇంకొకరు ఊరు చూడటానికి వచ్చిన మనిషి. టికెట్ ధర ఒకటే అయినా రెండోదే పర్యాటకం ఖాతాలోకి రావాలి. ఏం అమ్మారన్నది కాదు, ఎవరు కొన్నారన్నదే ఇక్కడ లెక్క.

ఈ చిక్కు విప్పడానికే టూరిజం శాటిలైట్ అకౌంట్ అనే పద్ధతి వచ్చింది. ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ దీన్ని 2000లో ఆమోదించింది, 2008లో సవరించారు. జాతీయ ఖాతాలను అంటిపెట్టుకుని ఉపగ్రహంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఒక్కో రంగం అమ్మకాల్లోంచి పర్యాటకుల వాటాను విడదీసి ఒకచోట చేరుస్తుంది. భారతదేశం మొదటిసారి 2002-03 సంవత్సరానికి ఇలాంటి ఖాతా తయారు చేసింది.

ఆ వాటా తెలియాలంటే మాత్రం మనుషుల్ని అడగాల్సిందే. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం దగ్గర ఆపి దేనికెంత ఖర్చయిందని అడిగితే, అప్పటికి చిన్న ఖర్చులు చాలావరకు మర్చిపోయి ఉంటారు. ప్యాకేజీ కొన్నవాళ్లకు అందులో హోటల్‌కెంతో, విమానానికెంతో మొదటినుంచీ తెలియదు. సొంత దేశంలోనే తిరిగేవాళ్లు ఏ సరిహద్దూ దాటరు. బంధువుల ఇంట్లో దిగితే హోటల్ రిజిస్టర్‌లోనూ కనిపించరు. ఇండోనేషియా 2016 నుంచి సరిహద్దు ప్రాంతాల్లో మొబైల్ సిగ్నళ్ల సమాచారాన్ని వాడుకుంటూ రాకపోకలను అంచనా వేస్తోంది. మంచి ప్రయత్నమే. కానీ ఫోను మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది, జేబులోంచి ఎంత తీశాడో చెప్పదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే ఉంది. ఖర్చు ఎంతో తెలిసినా, అందులో దేశంలో నిలిచేది ఎంత? పర్యాటకుడు తన దేశంలోనే ప్యాకేజీ కొని, తన దేశపు విమానంలో వచ్చి, విదేశీ చెయిన్ హోటల్లో దిగుతాడు. టికెట్ డబ్బు ఈ దేశానికి రానే రాదు. హోటల్‌కు వచ్చిన దాంట్లోంచి బ్రాండ్ పేరుకు, నిర్వహణకు ఫీజు బయటికి వెళుతుంది. లిఫ్టులు, ఏసీలు, కొన్నిచోట్ల వంటసరుకులు కూడా దిగుమతే. దీన్నే లీకేజీ అంటారు. అన్నీ బయటినుంచే తెచ్చుకోవాల్సిన చిన్న ద్వీప దేశాల్లో ఇది మరీ ఎక్కువ. పర్యాటకుల సంఖ్యనే గొప్పగా ప్రకటించుకునే ప్రభుత్వాలు ఈ ప్రశ్న అడగకపోవడం నాకు తప్పనిపిస్తుంది.

నిలిచిన డబ్బు చేతులు మారుతూ మరింత ఆదాయం పుట్టిస్తుందన్నది నిజమే. దాన్ని కొలవడానికి, ఏ రంగం ఏ రంగం నుంచి ఎంత కొంటుందో చూపే ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టికలను వాడతారు. వాటిని రూపొందించినందుకే ఆర్థికవేత్త వాసిలీ లియోంటీఫ్‌కు 1973లో నోబెల్ వచ్చింది. అయితే ఆ పట్టికల లెక్క, కూలీలూ భూమీ ఎంత కావాలంటే అంత ఖాళీగా ఉన్నాయనుకుని సాగుతుంది. పొలం పని మానేసి హోటల్లో చేరిన మనిషి వల్ల పొలానికి జరిగిన నష్టాన్ని అందులోంచి తీసివేయరు. పట్టిక పదేళ్ల పాతదైతే తప్పు ఇంకా పెరుగుతుంది.

ఇక గైడు, పడవ నడిపే మనిషి, రోడ్డు పక్కన బొమ్మలు అమ్మే మహిళ. వీళ్లు రసీదు ఇవ్వరు, చాలామందికి రిజిస్ట్రేషన్ ఉండదు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో పర్యాటకం మీద బతికేవాళ్లలో ఇలాంటివాళ్లు ఎంతోమంది. 2020లో కోవిడ్ వల్ల ప్రపంచవ్యాప్తంగా విదేశీ పర్యాటకుల రాక 70 శాతానికి పైగా పడిపోయింది. పెద్ద హోటల్ ఉద్యోగిని జీతాల రిజిస్టర్‌ చూసి గుర్తించవచ్చు. పడవ నడిపే మనిషి ఎంత పోగొట్టుకున్నాడో చెప్పడానికి, అంతకుముందు అతను ఎంత సంపాదించేవాడో ఏ కాగితం మీదా లేదు.