ఇ.సి. నిల్ వస్తే కేసు లేనట్టేనా? కోర్టు రికార్డుల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన సోమవారం కోర్టు నుంచి ఆఫీసుకొచ్చేసరికి కుర్చీలో ఒక పెద్దాయన, పక్కన కొడుకు, బల్ల మీద ఒక ప్లాస్టిక్ కవరు. అందులో ఏముందో విప్పకముందే చెప్పగలను, అలాంటి కవరు నెలకొకసారైనా నా బల్ల మీదకొస్తుంది. దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, పాస్‌బుక్కు జిరాక్సు, ముప్పై ఏళ్ల ఇ.సి. (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆ భూమి మీద రిజిస్టరయిన లావాదేవీల చిట్టా). కొన్నది ఎకరంన్నర, 2021లో. మొన్న కోర్టు కమిషనరు సర్వేయరును వెంటపెట్టుకుని వచ్చి, వీళ్లు మినుము వేసిన చేలో గొలుసు లాగి కొలిచి వెళ్లాడు.

"ఇ.సి. నిల్లే వచ్చింది కదండీ. మళ్లీ ఈ కేసెక్కణ్ణుంచి వచ్చింది?"

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాయడానికే కూర్చున్నాను. మిగతా అపోహలు కూడా చెబుతాను గానీ జనాన్ని నిలువునా ముంచేది ఇదే.

అపోహ: ఇ.సి. నిల్ అంటే ఆ భూమి మీద కోర్టు కేసులు లేవు.

లేవని ఇ.సి. ఎక్కడా చెప్పదు, చదివి చూడండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరయిన లావాదేవీలు, అంటే అమ్మకాలు, తనఖాలు, గిఫ్టులు, భాగపరిష్కారాలు, అవే అందులో ఉంటాయి. కోర్టులో ఎవరైనా దావా వేస్తే ఆ దావా నంబరు తనంతట తానుగా వెళ్లి ఇ.సి.లో ఎక్కదు. అటాచ్‌మెంట్ (ఆస్తి జప్తు) లాంటి ఉత్తర్వు ఏదైనా కోర్టు నుంచి రిజిస్ట్రార్ ఆఫీసుకు చేరితే కనబడొచ్చు, దావా వేసినంత మాత్రాన కనబడదు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో దావా నడుస్తోందన్న నోటీసును రిజిస్టర్ చేయించాలనే సవరణ ఉంది, మన రెండు రాష్ట్రాల్లో లేదు. టెక్సాస్‌లో ఉంటున్న మా ఊరి అబ్బాయి ఒకడు ఇక్కడ పొలం కొంటూ "అంకుల్, మాకిక్కడ కౌంటీ క్లర్క్ రికార్డుల్లో చూస్తే లిస్ పెండెన్స్ నోటీసు కనిపిస్తుంది, అక్కడ అలాంటిదేమీ లేదా?" అని ఫోన్లో అడిగాడు. లేదు నాయనా. ఆ అలవాటుతో ఇక్కడ ఇ.సి. ఒక్కటి చూసి డబ్బు పంపకు అన్నాను.

ఇక చట్టం సంగతి. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం దావా నడుస్తుండగా ఆ ఆస్తిని కొన్నవాడు చివరికి వచ్చే డిక్రీకి కట్టుబడాల్సిందే. నాకు తెలీదు, మంచి మనసుతో కొన్నాను, పూర్తి డబ్బిచ్చాను అంటే సానుభూతి దొరుకుతుంది, పొలం దొరకదు. రేపు కోర్టు అమీనా స్వాధీనం వారంటుతో వస్తే అడ్డుకునే హక్కు కూడా ఇలాంటి కొనుగోలుదారుకు లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21, రూల్ 102లో తెగేసి ఉంది.

అందుకని ఇ.సి.తో పాటు కోర్టు రికార్డు వెతకాలి. అది ఈకోర్ట్స్ సైట్లోనో యాప్‌లోనో ఎవరైనా చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఐదొందలిస్తే చూసిపెడతామనే నెట్ సెంటరు వాళ్లు కూడా అందులోనే చూస్తారు. ఫోన్లో చూడటం రాకపోతే చాలా కోర్టు ప్రాంగణాల్లో ఈ-సేవా కేంద్రం ఉంటుంది, వెళ్లి అడగండి.

చిక్కల్లా ఎలా వెతకాలన్న దగ్గరే. సర్వే నంబరు కొడితే కేసు రాదు. ఈకోర్ట్స్ మనిషి పేరుతో వెతుకుతుంది, కేసు నంబరుతో, ఎఫ్ఐఆర్ నంబరుతో, లాయరు పేరుతో వెతుకుతుంది, భూమితో వెతకదు. కాబట్టి మీరు ఆ భూమితో సంబంధం ఉన్న మనుషులందరినీ వెతకాలి. అమ్మేవాడు, వాళ్ల నాన్న, అన్నదమ్ములు, ముఖ్యంగా అక్కచెల్లెళ్లు, అంతకుముందు అమ్మినవాళ్లు. మా కోర్టుల్లో భూమి దావాల్లో చాలా వరకు ఆడపిల్ల వాటా గురించే, అయినా కొనేవాళ్లలో పదికి తొమ్మిది మంది ఆడబిడ్డ పేరు కూడా కనుక్కోకుండా బయానా ఇచ్చేస్తారు.

ఇక పేరు. మన పేర్లను ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. లక్ష్మిలో ఒకరు కె, ఎస్, హెచ్ పెడతారు, ఇంకొకరు ఎక్స్ పెడతారు. వెంకటేశ్వర్లుకి మా కోర్టులోనే నాలుగు రకాల స్పెల్లింగులు చూశాను. సుబ్బారావు ఒక చోట కలిసి ఉంటాడు, ఇంకో చోట విడిపోయి ఉంటాడు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరం. కాబట్టి పేరు మొత్తం కొట్టకండి, మూడు నాలుగు అక్షరాలు కొట్టి, వచ్చిన జాబితా ఓపిగ్గా చదవండి. జాబితాలో వాది ఒక పేరు, ప్రతివాది ఒక పేరు మాత్రమే కనిపిస్తాయి, మీకు కావలసినవాడు ఆరో ప్రతివాది అయ్యుండొచ్చు, అనుమానం వస్తే లోపలికి వెళ్లి చూడాలి. సంవత్సరం కూడా ఇవ్వాలి కాబట్టి ఒక్కో ఏడాదికీ విడిగా కొట్టుకుంటూ పోవాలి. విసుగే. లక్షలు పోసి కొంటున్నప్పుడు ఒక సాయంత్రం విసుగు పడితే తప్పేం లేదు.

ఏ కోర్టులో వెతకాలన్నది ఇంకో పేచీ. ఊరికి దగ్గర్లో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఉంటుంది, కానీ ఆస్తి విలువ పెరిగితే దావా సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకో జిల్లా కోర్టుకో పోతుంది, అవి వేరే పట్నంలో ఉండొచ్చు. కొత్త జిల్లాలు వచ్చాక ఈ తికమక పెరిగింది. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టారు గానీ కోర్టులు పాత జిల్లాల కిందే నడిచాయి. నరసరావుపేట పల్నాడు జిల్లా కేంద్రమైనా ఈకోర్ట్స్‌లో దాన్ని గుంటూరు కింద వెతుక్కోవాల్సి వచ్చేది. తెలంగాణలో అలా కాదు, 2022 జూన్ 2న కోర్టు జిల్లాలను కూడా 33 చేశారు. అందుకని పాత కేసు ఏ జిల్లాలో వేశారో, ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో రెండూ చూడాలి.

ఇక్కడితో అయిపోలేదు. కొత్తగా వేసిన దావాకి ముందు ఎస్ఆర్ నంబరే, అంటే తాత్కాలిక నంబరే ఉంటుంది, ఆఫీసు అభ్యంతరాలన్నీ తీరాక గానీ ఓఎస్ నంబరు, అంటే సివిల్ దావా అసలు నంబరు పడదు. ఆర్డీవో దగ్గరా జాయింట్ కలెక్టరు దగ్గరా నడిచే పాస్‌బుక్ తగాదాలు ఈకోర్ట్స్‌లో ఉండవు. బ్యాంకు వేలం గొడవలు డీఆర్‌టీలో (అప్పుల వసూలు ట్రిబ్యునల్‌లో) ఉంటాయి, దాని సైటు వేరు. హైకోర్టులో రిట్ ఏమైనా ఉందేమో హైకోర్టు సైట్లో చూడాలి. ఇవన్నీ చూసినా నేను మాత్రం ఊరికి వెళ్లి సరిహద్దు రైతుల్ని అడగమనే చెబుతాను. పక్క చేనుకి వాయిదా ఎప్పుడో గట్టు మీద కూర్చున్నవాడికి నోటికొచ్చి ఉంటుంది.

అపోహ: డిస్పోజ్డ్ అని ఉంది, అంటే ఆ కేసు అయిపోయింది.

పెద్దాయన కొడుకు చేత నా ఎదుటే వెతికించాను. అమ్మినాయన చెల్లెలి పేరు కొట్టగానే రెండు నిమిషాల్లో వచ్చింది, 2011 నాటి ఓఎస్. కుర్రాడి మొహం వెలిగింది. "డిస్పోజ్డ్ అని ఉంది సార్! 2016లోనే అయిపోయిందిగా!"

పాపం, ఆ వెలుగు ఆర్పడానికి నాకే మనసొప్పలేదు.

డిస్పోజ్డ్ అంటే ఆ నంబరు మీద ఆ కోర్టు తన లెక్కలో కేసు మూసిందని, అంతే. గెలిచి మూసి ఉండొచ్చు, ఓడి మూసి ఉండొచ్చు, వాది రాకపోతే డిఫాల్టులో కొట్టేసి ఉండొచ్చు, వేరే కోర్టుకి బదిలీ అయితే కూడా పాత చోట డిస్పోజ్డ్ అనే చూపిస్తుంది. ఆ తర్వాత ఏఎస్ నంబరుతో అప్పీలు, ఎస్ఏ నంబరుతో హైకోర్టులో రెండో అప్పీలు, ఈపీ నంబరుతో అమలు పిటిషను ఉండొచ్చు. డిక్రీ అమలుకి గడువు పన్నెండేళ్లు, శాశ్వత ఇంజంక్షన్ డిక్రీకైతే ఆ గడువు కూడా లేదు.

అన్నిటికంటే మోసం చేసేది భాగం దావా. అందులో ముందు ఎవరి వాటా ఎంతో తేల్చి ప్రిలిమినరీ డిక్రీ ఇస్తారు, సైట్లో ఓఎస్ డిస్పోజ్డ్ అయిపోతుంది. కానీ ఎవరి ముక్క ఎక్కడో ఇంకా తేలలేదు. దానికి ఫైనల్ డిక్రీ కోసం అదే దావాలో ఐఏ (మధ్యలో వేసే అర్జీ) వేస్తారు, కమిషనరు వస్తాడు, కొలుస్తాడు. ఆ ఐఏ వేయడానికి కాలపరిమితి లేదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. ప్రిలిమినరీ డిక్రీ ఇచ్చి ఊరుకోకుండా కింది కోర్టులే ఫైనల్ డిక్రీ దాకా నడిపించాలని 2022లో చెప్పింది. ఈలోగా పదేళ్లు నిద్రపోయిన కేసులు బోలెడు. ఆ నిద్రలో ఉండగా ఎవరో వచ్చి పొలం కొంటారు. ఈ పెద్దాయన కొన్నట్టు.

పెద్దాయన్ని తిట్టే అర్హత నాకు లేదు. ఏడెనిమిదేళ్ల కిందట మా చిన్నత్తగారి అల్లుడు ఇంటి స్థలం కొంటూ నన్నడిగాడు. నేను లాప్‌టాప్ తీసి, పెండింగ్ అన్నదొక్కటే పెట్టి వెతికి, పెండింగ్, డిస్పోజ్డ్ రెండూ చూపించే బోత్ అన్నది నొక్కకుండా, ఏమీ లేదు బావా నిశ్చింతగా కొనుక్కో అన్నాను. బయానా ఇచ్చాక మా సీనియరు గారి గుమాస్తా, అప్పటికే డెబ్బై దాటినాయన, టీ తాగుతూ "ఆ స్థలమా? దాని మీద ప్రిలిమినరీ అయ్యింది కదండీ, నోటీసుల బ్యాటాలు నేనే కట్టాను" అన్నాడు. నా లాప్‌టాప్‌లో దొరకనిది ఆయన బుర్రలో ఉంది. బయానా వెనక్కి రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఇప్పటికీ పెళ్లిళ్లలో బావ ఎదురుపడితే "బోత్ నొక్కావా?" అంటాడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

సమన్లు తీసుకోకపోతే కేసు ఉండదట. ఎవరు పుట్టించారో గానీ, తరాలుగా నడుస్తోంది. తీసుకోకపోతే తలుపుకి అంటించి పోతారు, మీరు రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు లేకుండానే డిక్రీ అవుతుంది. అది రద్దు చేయించుకోవడానికి డిక్రీ తేదీ నుంచి ముప్పై రోజులు, సమన్లు సరిగ్గా అందకపోతే తెలిసిన రోజు నుంచి ముప్పై రోజులు. తలుపు వేసుకుని తప్పించుకున్నవాడు సరిగ్గా అందలేదని నిరూపించుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఆన్‌లైన్‌లో నా పేరు రెస్పాండెంట్ అని వచ్చింది, మా అమ్మాయి పెళ్లి ఆగిపోతుందేమో అని ఒకావిడ ఏడ్చుకుంటూ వచ్చారు. అమ్మా, ముందు అది మీరేనా చూడండి, ఆ పేరున్నవాళ్లు మన మండలంలోనే ఇరవై మంది ఉంటారు, తండ్రి పేరో భర్త పేరో ఊరో కలవాలి. మీరే అయినా ఓఎస్ అంటే ఆస్తి తగాదా, నేరం కాదు, ప్రతివాది అంటే ముద్దాయి కాదు. క్రిమినల్ కేసైతే నంబరు ముందు సీసీ, పీఆర్సీ, ఎస్సీ (సెషన్స్ కేసు) అని ఉంటుంది. ఆవిడకి వచ్చింది వాళ్ల మరిది వేసిన గోడ తగాదా.

వాట్సాప్‌లో కోర్టు నోటీసని ఏదో వచ్చి, అరెస్టు తప్పాలంటే డబ్బు కట్టమంటే అది దొంగ. నిజం కేసుకి పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, ముందు నాలుగు అక్షరాలు రాష్ట్రం, జిల్లావి, చివరి నాలుగు అంకెలు సంవత్సరం. దాన్ని మీరే సైటు తెరిచి కొట్టండి, వాళ్లు పంపిన లింకు మాత్రం నొక్కకండి.

సైట్లో డౌన్‌లోడ్ చేసిన జడ్జిమెంటు చదువుకోవడానికి పనికొస్తుంది, అప్పీలుకి సర్టిఫైడ్ కాపీ కావాలి. దానికి సీఏ (కాపీ కోసం అర్జీ) వేయాలి. కాపీ వెనక ముద్రలో అర్జీ పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, ఇచ్చిన తేదీ, కాపీ తయారైన తేదీ ఉంటాయి, దాన్ని చించకండి, మడిచి పారేయకండి. జిల్లా కోర్టుకి అప్పీలు గడువు ముప్పై రోజులు, కాపీకి పట్టిన రోజులు అందులోంచి తీసేస్తారు, ఆ లెక్క తేలేది ఆ ముద్రతోనే. స్టాంపులు అడిగినప్పుడు ఇవ్వకపోతే సీఏ కొట్టేస్తారు, రోజులు మీ మీద పడతాయి. కేసులో పార్టీ కానివాళ్లు కాపీ అడగాలంటే ఎందుకో కారణం చూపిస్తూ అఫిడవిట్ పెట్టాలి. ఆర్టీఐ వేసి తెప్పించుకుంటామంటే కుదరదు, కోర్టు రూల్స్ ప్రకారమే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020లో గుజరాత్ హైకోర్టు కేసులో తేల్చేసింది.

లాయరు ఫీజుకి భయపడి ఆగిపోయేవాళ్లు కోర్టులోనే ఉండే మండల న్యాయ సేవాధికార కమిటీకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకీ ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు.

పెద్దాయన పొలం సంగతి. ఫైనల్ డిక్రీ ఇంకా కాలేదు, అదొక్కటే ఊరట. ఆ ఐఏలో మమ్మల్ని కూడా చేర్చుకోండి, మాకమ్మినాయన వాటాకి వచ్చే భూమిలో మేం కొన్న ఎకరంన్నర పడేలా పంచండి అని పిటిషను వేశాం. అమ్మినాయన వాటా అంతకంటే ఎక్కువే ఉంది కాబట్టి ఆడపిల్లకి నష్టం లేదు, కోర్టు ఒప్పుకోవడానికి అవకాశం ఉంది, ఒప్పుకుని తీరుతుందని మాత్రం చెప్పలేను. కుర్రాడి ఫోన్లో యాప్ వేయించి సీఎన్ఆర్ నంబరు దాచిపెట్టించాను. నిన్న రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు: "సార్, వాయిదా 19కి మారింది. మా పెదనాన్న పొలం కూడా చూశా, బోత్ నొక్కి."

రెండు వచ్చాయట. రేపు తీసుకొస్తున్నాడు.