ఇంటి చదువుకు ఏ పుస్తకం? నల్లగొండ, పాలమూరుల్లో పాత ప్రశ్నే

"పాపను ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నాం. ఏ సిలబస్ పట్టుకోవాలి?" నల్లగొండలో ఇలా అడిగే తల్లిదండ్రులు కొద్దిమందే. అయినా వాళ్ల టెన్షన్ చిన్నది కాదు. ఈ ప్రశ్న మన ప్రాంతంలో తొలిసారి పుట్టిందీ కాదు.

నిజాం పాలనలో సర్కారు బడి అంటే ఉర్దూ. ఇంట్లో, ఊళ్లో మాట్లాడేది తెలుగు. మా తాత బడిలో ఉర్దూ చదివాడు, తెలుగు మాత్రం ఇంటి అరుగు మీద నేర్చుకున్నాడు. ముందు ఇసుకలో వేలితో దిద్దడం, తర్వాత పలక, ఆ తర్వాతే పెద్ద బాలశిక్ష. గుణింతాలు, ఎక్కాలు, నీతివాక్యాలు, తిథులు, నక్షత్రాలు అన్నీ ఆ ఒక్క పుస్తకంలోనే. అట్ట ఊడిపోతే దారంతో కుట్టుకొని తమ్ముళ్లకు అదే ఇచ్చారట.

1920ల్లో ప్రైవేటు బడి పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలన్న నిబంధన వచ్చింది. తెలుగు చదువుకు అది పెద్ద దెబ్బ. అలాంటి రోజుల్లో గ్రంథాలయాలే ఆదుకున్నాయి. షబ్నవీసు వెంకట రామనరసింహారావు 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం పెట్టారు, 1922లో నీలగిరి పత్రిక తెచ్చారు. 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన, నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల ఉద్యమమైన ఆంధ్ర మహాసభ సమావేశం జరిగింది. మాతృభాషలో చదువు ఆ ఉద్యమం వదలకుండా అడిగిన కోరిక.

ఇప్పటి చిక్కు వేరు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంది. చేర్చకపోతే శిక్ష ఏమిటో చెప్పలేదు. ఇంటి చదువు ఊసే ఎత్తలేదు. అందుకే ఇంటి సిలబస్‌కు ఆమోదముద్ర వేసే ఆఫీసంటూ లేదు. చివరికి అందరూ పదో తరగతి సర్టిఫికెట్ దగ్గరికే వస్తారు, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటారు.

ఆ సర్టిఫికెట్‌కు మనకు ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి రోజూ బడికి వెళ్లకుండానే పరీక్ష రాయించే రాష్ట్ర సంస్థ, తెలంగాణ ఓపెన్ స్కూల్. రెండోది అలాంటిదే అయిన జాతీయ ఓపెన్ స్కూల్, ఎన్‌ఐఓఎస్. ఇది 1979లో సీబీఎస్‌ఈ ప్రాజెక్టుగా మొదలై, 1989లో సొంత సంస్థ అయింది. ఉద్యోగరీత్యా రాష్ట్రాలు మారే ఇళ్లకు ఎన్‌ఐఓఎస్ నయం. ఇక్కడే ఉండేవాళ్లకు రాష్ట్ర ఓపెన్ స్కూల్ చాలు.

కింది తరగతులకు వేలకు వేలు పోసి కిట్లు కొనడం నాకు నచ్చదు. రాష్ట్ర సర్కారు బడుల పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 2022-23 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్‌తో వస్తున్నాయి. సైన్సు పుస్తకంలో 'ఫోటోసింథసిస్' దగ్గర పాప ఆగిందనుకోండి, అమ్మ వేలు పక్క పేజీలో 'కిరణజన్య సంయోగక్రియ' మీదికి వెళ్తుంది. ఇంగ్లిష్ రాని అమ్మ కూడా పక్కన కూర్చొని చెప్పగలదు. ఇంటి చదువుకు ఇంతకంటే పనికొచ్చే పుస్తకం నేను చూడలేదు. పాఠం వినాలంటే రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-సాట్ వీడియోలున్నాయి.

ఓపెన్ పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలి. ఆరేళ్ల పాపకు ఇప్పటినుంచే బోర్డు వెతకనక్కర్లేదు. పన్నెండో ఏట తేల్చుకున్నా టైం సరిపోతుంది.