ఉద్యోగుల శిక్షణలో నటన: అపోహలు – వాస్తవాలు

పరిషత్తు నాటకాల్లో చాలాకాలం వేషాలు వేశాను. ఇప్పుడు అక్కడ నేర్చుకున్న పనితోనే ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో ఉద్యోగులకు శిక్షణ ఇస్తున్నాను. ఏ ఊరికి వెళ్లినా కొన్ని అనుమానాలు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటాయి. వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: నటన అంటే లేనిది ఉన్నట్టు చూపించడం. దాన్ని ఉద్యోగులకు నేర్పితే మిగిలేది పెదవుల మీది నవ్వే.

వాస్తవం: స్టేజీ మీద మొదటి పాఠం వినడం. కొత్త నటుడి ధ్యాసంతా తన డైలాగ్ ఎప్పుడొస్తుందా అన్నదాని మీదే ఉంటుంది. అందుకే మా గురువుగారు రిహార్సల్స్‌లో ఎదుటి పాత్ర మాటను మాకు చెప్పకుండా మార్పించేవారు. విన్నవాడు దానికి తగ్గట్టు అందుకునేవాడు. విననివాడు పాత డైలాగే అప్పజెప్పి దొరికిపోయేవాడు.

ఇదే పని నర్సులతో చేయిస్తాను. ఒక ఆసుపత్రిలో నాది ఐసీయూ బయట కూర్చున్న కొడుకు వేషం. "సిస్టర్, నాన్నకి ఎలా ఉంది?" అన్నాను. ఆ అమ్మాయి కేస్ షీట్‌లోంచి తలెత్తకుండా "స్టేబుల్‌గానే ఉన్నారండీ, డాక్టర్ గారు రౌండ్స్‌కి వచ్చాక చెప్తారు" అంది. ఆ మాటలో తప్పేం లేదు. నేను మళ్లీ అడిగాను. మూడోసారీ అడిగాను. నాలుగోసారికి ఆమె గొంతు పెరిగింది. అక్కడ ఆపి, "ఈయన అడిగిందే ఎందుకు అడుగుతున్నాడు?" అని అందరినీ అడిగాను. వెనకనుంచి ఒక సీనియర్ సిస్టర్ అన్నారు: "ఆయన అడిగేది బీపీ గురించి కాదండీ. నాన్న బతుకుతాడా అని అడుగుతున్నాడు."

సీన్ మళ్లీ మొదటినుంచి చేసినప్పుడు ఆ అమ్మాయి పెన్ను జేబులో పెట్టింది. పక్క కుర్చీలో కూర్చుని "రాత్రి నుంచి ఇక్కడే ఉన్నారా? ఏమన్నా తిన్నారా?" అంది. ఆ తర్వాత చెప్పినవి దాదాపు మొదటి మాటలే. నాకు మళ్లీ అడగాలనిపించలేదు. ఆ దయ ఆమెలో ముందునుంచీ ఉంది. డ్యూటీ హడావుడిలో అది బయటికి రాలేదు, అంతే.

అపోహ: మనం చెప్పేదాంట్లో మాటల వంతు 7 శాతమే. మిగతా 93 శాతం గొంతు, బాడీ లాంగ్వేజ్.

వాస్తవం: ఎన్నో ట్రైనింగ్ స్లైడ్లలో ఈ అంకె కనిపిస్తుంది. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి అమెరికాలో చేసిన ప్రయోగాల నుంచి ఇది పుట్టింది. వాటిలో వాడినవి విడివిడి మాటలు. ఒకే మాటను రకరకాల గొంతుల్లో వినిపించారు, ముఖాల ఫొటోలు చూపించారు, ఆ మనిషికి ఎదుటివారంటే ఇష్టమా కాదా చెప్పమన్నారు. ఇష్టాయిష్టాలు తెలిపే సందర్భం కాకపోతే ఈ లెక్క వర్తించదని ఆయనే స్పష్టంగా చెప్పారు. బాయిలర్ ఎలా ఆపాలో సైగలతో 93 శాతం చెప్పగలమా? ఒక్క మాట పొరపాటైతే ప్రాణం పోయే చోట్ల ఈ అంకె పాఠంగా చెప్పడం చూస్తే నాకు బాధేస్తుంది.

అపోహ: కమ్యూనికేషన్ ట్రైనింగ్ కస్టమర్లతో మాట్లాడేవాళ్లకే. ప్లాంట్‌లో పనిచేసేవాళ్లకు దాంతో పనేముంది?

వాస్తవం: నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లోని టెనెరిఫెలో, పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ మొదలుపెట్టిన విమానంలో ఫ్లైట్ ఇంజినీరుకు అనుమానం వచ్చింది. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదినుంచి తప్పుకోలేదేమో అని అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పేశాడు. విమానం ఆగలేదు. ప్రమాదానికి రేడియోలో మాటలు సరిగా వినబడకపోవడంలాంటి కారణాలు ఇంకా ఉన్నాయి. కానీ ఆ చిన్న ప్రశ్న దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. ఇలాంటి ప్రమాదాల తర్వాత 1979లో నాసా ఒక వర్క్‌షాప్ పెట్టింది. కింది ఉద్యోగి పైవాడికి ఎలా చెప్పాలి, పైవాడు ఎలా వినాలి అన్నది అక్కడినుంచి విమాన సిబ్బంది శిక్షణలో భాగమైంది.

మన దగ్గర "సార్" అన్న పిలుపు తర్వాత సగం మాటలు గొంతులోనే ఉండిపోతాయి. ఒక ఫార్మా ప్లాంట్‌లో ట్యాంకు లోపలికి మనిషిని దించే సీన్ చేయించాను. పర్మిట్ మీద సంతకం లేదు. ఆపరేటర్ వేషంలో ఉన్న కుర్రాడు "సార్, అదీ... పర్మిట్ కొంచెం..." అని ఆగిపోయాడు. ఇన్‌ఛార్జి విననే లేదు. మళ్లీ చేశాం, ఈసారి మాట ఇలా పేర్చుకుని: "సార్, పర్మిట్ మీద సంతకం లేదు. లోపల గ్యాస్ చెక్ చేశారో లేదో తెలియదు. చెక్ అయ్యేదాకా మనిషిని దించొద్దు."

ఇక్కడ మన భాషతో ఒక చిక్కుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, భయపడ్డప్పుడు గొంతు జారిపోయేదీ అక్కడే. "దించొద్దు"లో చివరి ముక్క మింగేస్తే దించమన్నాడో వద్దన్నాడో తెలియదు. నాటకంలో చివరి వరుసకు వినపడాలని మాకు మొదట దిద్దే తప్పు ఇదే. పాదాలు నేలమీద ఆన్చి, ఊపిరి తీసుకుని, ఆఖరి మాట దాకా ఆ ఊపిరి దాచుకోవాలి. ఆ కుర్రాడు ఆరుసార్లు చెప్పాడు. ఆరోసారికి ఇన్‌ఛార్జి తలతిప్పి "ఏం లేదన్నావు?" అన్నాడు. తర్వాత ఆ ఇన్‌ఛార్జితో కూడా ఒక మాట పలికించాం: "ఆపాను. మంచిపని చేశావు చెప్పి." అది పలకడం ఆయనకు ఇంకా కష్టమైంది.

అపోహ: రోల్ ప్లే అంటే అందరిముందూ పరువు తీయడం.

వాస్తవం: అలా తీసినవాళ్లున్నారు, ఆ భయం ఊరికే రాలేదు. నా పద్ధతి వేరు. కష్టమైన పాత్ర నేను వేస్తాను. ఎవరైనా ఎప్పుడైనా "ఆపండి" అనొచ్చు. నిజంగా గొడవలున్న బాసునీ ఉద్యోగినీ ఒకే సీన్‌లో నిలబెట్టను. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ చూపిన దారి కూడా వాడతాను: చూసేవాళ్లే సీన్ ఆపి, లోపలికొచ్చి, ఇంకోలా చేసి చూపిస్తారు. అప్పుడు తప్పు ఒక మనిషిది కాకుండా అందరి ముందున్న లెక్క అవుతుంది.

అపోహ: ఇదంతా కాలక్షేపం, కొలవడానికి వీల్లేదు.

వాస్తవం: 1963లో లాస్ ఏంజెలెస్‌లో హోవార్డ్ బారోస్ అనే డాక్టరు రోగి పాత్రకు మనుషుల్ని తయారుచేసి వైద్య విద్యార్థుల్ని పరీక్షించడం మొదలుపెట్టారు. 2004 నుంచి 2020 దాకా అమెరికా వెళ్లాలనుకున్న మన తెలుగు డాక్టర్లు కూడా అక్కడి డాక్టరు లైసెన్సు కోసం పెట్టే స్టెప్ 2 సీఎస్ పరీక్షలో ఇలాంటి నటుల ముందే కూర్చుని తమ నైపుణ్యం చూపించుకోవాల్సి వచ్చింది. మన దేశంలో 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలోనే రోగితో మాట్లాడటం ఒక పాఠంగా చేరింది.

అపోహ: ఒక్కరోజు వర్క్‌షాప్ చాలు.

వాస్తవం: చాలదు. పిలిచినవాళ్లకు ఈ మాట ముందే చెప్తాను. ఒక్క రిహార్సల్‌తో ఏ నాటకమూ స్టేజీ ఎక్కదు. ఆ ఐసీయూ సిస్టర్లు ఇప్పుడు సోమవారం షిఫ్ట్ మారేటప్పుడు పది నిమిషాలు తీసుకుంటున్నారు. ఒకరు అటెండెంట్, ఒకరు సిస్టర్. కొడుకు వేషం ఇప్పుడు ఆ సీనియర్ సిస్టర్‌దే.