పొటోమాక్‌లోని రెండు ఇళ్లు, ఒక సీటు: మేరీలాండ్ ఆరో డిస్ట్రిక్ట్ గొడవ 2018లోనే మొదలైంది

డేవిడ్ ట్రోన్ తన పాత సీటు కోసం 2026 ఎన్నికల్లో మళ్లీ బరిలోకి దిగారు. ఎదురుగా ఉన్నది రిపబ్లికన్ కాదు, సొంత డెమోక్రటిక్ పార్టీకే చెందిన సిట్టింగ్ సభ్యురాలు ఏప్రిల్ మెక్‌లేన్ డెలానీ. ఆమె భర్త జాన్ డెలానీ ఖాళీ చేసిన సీట్లోకి 2018లో ట్రోన్ వచ్చారు. ట్రోన్ ఖాళీ చేసిన సీట్లోకి 2024లో ఆమె వచ్చారు. అంటే 2013 జనవరి నుంచి అమెరికా కాంగ్రెస్‌లో ఈ సీటు వాషింగ్టన్ శివారు పొటోమాక్‌లోని రెండు ఇళ్లు దాటి బయటికి పోలేదు. ఇప్పుడా రెండు ఇళ్లే తలపడుతున్నాయి కాబట్టి చూసేవాళ్లకి ఇది ఇద్దరు డబ్బున్నవాళ్ల పట్టుదలలా కనిపిస్తోంది. కానీ ఈ సీటు ఎవరి చేతికి వెళ్లాలన్న అసలు పోటీ 2018లో వేరే మనిషితో జరిగింది. ఆ మనిషి హైదరాబాద్‌లో పుట్టిన కాట్రగడ్డవారి అమ్మాయి, అరుణా మిల్లర్.

ప్రైమరీ అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, అంతకంటే చెప్పక్కర్లేదు. మేరీలాండ్ సంగతి మాత్రం కాస్త గుర్తుంచుకోవాలి. అక్కడ పార్టీలో పేరు నమోదు చేసుకున్నవాళ్లే ఆ పార్టీ ప్రైమరీలో ఓటేస్తారు. రెండో రౌండ్ ఉండదు. సగం ఓట్లు రావాలన్న రూలూ లేదు. ఎంతమంది నిలబడినా, అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లదే టికెట్.

2017 జూలైలో జాన్ డెలానీ అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని ప్రకటించారు. 2020 ఎన్నికకి డెమోక్రట్లలో అంత ముందుగా దిగింది ఆయనే. ఆ ప్రచారం మొట్టమొదటిదైన అయోవా ఓటింగ్ దాకా కూడా రాలేదు, అది వేరే కథ. సీటు ఖాళీ అవుతుందని పసిగట్టి అరుణా మిల్లర్ అప్పటికే పని మొదలుపెట్టారు. ట్రోన్ పేరు ఆగస్టులో బయటికి వచ్చింది. చివరికి డెమోక్రటిక్ బ్యాలెట్ మీద ఎనిమిది పేర్లు తేలాయి: ట్రోన్, మిల్లర్, రాష్ట్ర సెనేటర్ రోజర్ మానో, పిల్లల డాక్టరూ నవలా రచయిత్రీ అయిన నాదియా హాషిమీ, ఇంకో నలుగురు.

మిల్లర్ కొత్త మనిషేమీ కాదు. ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లారు. మిస్సోరీలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, మాంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్లు పనిచేశారు. పౌరసత్వం వచ్చింది 2000లో. 2010లో రాష్ట్ర అసెంబ్లీకి గెలిచారు. కాంగ్రెస్‌కి పోటీ చేయాలంటే ఆ అసెంబ్లీ సీటు వదులుకోవాలి, రెండూ ఒకే ఏడాది ఎన్నికలు. వదులుకున్నారు. మానో కూడా తన సెనేట్ సీటు అలాగే వదిలేసి వచ్చారు. ట్రోన్‌కి వదులుకోవడానికి పదవేమీ లేదు. ఆయన టోటల్ వైన్ అనే మద్యం దుకాణాల గొలుసుకి సహ యజమాని.

ఈ డిస్ట్రిక్ట్ మ్యాప్ చూస్తేనే డబ్బు ఎందుకు ఇంత ముఖ్యమైందో అర్థమవుతుంది. ఒక చివర వాషింగ్టన్‌ని ఆనుకున్న మాంట్‌గోమరీ కౌంటీ. జర్మన్‌టౌన్, గైథర్స్‌బర్గ్, 270 హైవే పొడుగునా ఆఫీసులు, మన తెలుగువాళ్ల టౌన్‌హోమ్‌లు. రెండో చివర అపలాచియన్ కొండల్లోని గారెట్ కౌంటీ. అక్కడ టీవీ పెడితే వచ్చేది పిట్స్‌బర్గ్ చానళ్లు. మధ్యలో హేగర్స్‌టౌన్, కంబర్లాండ్. వీళ్లందరికీ ముఖం చూపించాలంటే కాళ్లు చాలవు, టీవీ కావాలి. అదీ వాషింగ్టన్ టీవీ. అక్కడ ప్రకటన కొంటే వర్జీనియాలో ఉన్నవాళ్లకీ, రాజధానిలో ఉన్నవాళ్లకీ కూడా కనిపిస్తుంది. వాళ్ల ఓటు మనకి రాదు, వాళ్లు చూసినందుకు డబ్బు మాత్రం మనమే కట్టాలి.

ఆ డబ్బు మిల్లర్ ఎలా పోగుచేయాలి? 2018లో ఒక మనిషి ఒక ఎన్నికకి ఇవ్వగలిగింది గరిష్ఠంగా 2,700 డాలర్లు. అమెరికాలో మనవాళ్ల ఇంట్లో ఫండ్‌రైజర్ చూసినవాళ్లకి ఆ తంతు తెలుసు. గరాజ్ తలుపు దగ్గర చెప్పుల గుట్ట, బేస్‌మెంట్‌లో అల్యూమినియం ట్రేల్లో పులిహోర, సమోసాలు, మూల బల్ల మీద ఫారాలు. ఇచ్చేది 200 డాలర్లు దాటితే మీరు ఏం చేస్తారు, ఎక్కడ చేస్తారు అన్న గళ్లు కూడా నింపాలి. అభ్యర్థి మాట్లాడుతుంటే అందరూ తలలూపుతారు, ఫొటోలు దిగుతారు. కానీ హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు చెక్కు రాస్తే అది చట్టవిరుద్ధం. గ్రీన్‌కార్డు ఉంటే చెక్కు రాయొచ్చు, ఓటు వేయలేరు. పౌరసత్వం ఉన్నవాళ్లకే రెండూ. అలాంటి గదిలోంచి నిజంగా ఎన్ని చెక్కులు, ఎన్ని ఓట్లు వస్తాయో లెక్క వేసుకోండి. అయినా మిల్లర్ పది లక్షల డాలర్లు దాటించారు. మహిళా అభ్యర్థుల్ని నిలబెట్టే ఎమిలీస్ లిస్ట్ సంస్థ కూడా ఆమెకే మద్దతు ఇచ్చింది. ఏ లెక్కన చూసినా గట్టి ప్రచారమే.

ట్రోన్ ప్రైమరీ నాటికి పెట్టిన సొంత డబ్బు కోటి డాలర్లకు పైమాటే. 2,700 చొప్పున అంత పోగుచేయాలంటే మిల్లర్‌కి గరిష్ఠ మొత్తం ఇచ్చేవాళ్లే 3,700 మంది కావాలి.

ఈ తేడాని కాస్తయినా సర్దే చట్టం ఒకటి ఒకప్పుడు ఉండేది. 2002 నాటి ఎన్నికల నిధుల సంస్కరణలో భాగంగా ఒక నిబంధన పెట్టారు. కాంగ్రెస్ దిగువ సభ హౌస్‌కి పోటీచేసే అభ్యర్థి సొంత డబ్బు మూడున్నర లక్షల డాలర్లు దాటించి ఖర్చుపెడితే, ఎదుటివాళ్లు మామూలు పరిమితికి మూడు రెట్ల విరాళాలు తీసుకోవచ్చు. న్యూయార్క్‌లో జాక్ డేవిస్ అనే పారిశ్రామికవేత్త కోర్టుకెక్కారు. సొంత డబ్బు ఖర్చు పెట్టుకోవడం తన వాక్ స్వేచ్ఛ అనీ, అందుకు తనని శిక్షిస్తున్నారనీ వాదించారు. 2008లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ నిబంధన కొట్టేసింది. ఆరో డిస్ట్రిక్ట్ చరిత్ర రాసేవాళ్లు దీన్ని పెద్దగా తలుచుకోరు. నాకైతే మ్యాప్ గీతల కంటే ఈ తీర్పే ముఖ్యమనిపిస్తుంది.

ట్రోన్‌కి ఈ ఆట కొత్త కాదు. 2016లో పక్కనున్న ఎనిమిదో డిస్ట్రిక్ట్ ఖాళీ అయితే అక్కడ దిగి కోటీ ముప్ఫై లక్షల డాలర్లకు పైగా పోశారు. హౌస్ ప్రైమరీలో సొంత డబ్బు అంత పెట్టినవాళ్లు అప్పటికి లేరు. అయినా జేమీ రాస్కిన్ చేతిలో ఓడిపోయారు. రాస్కిన్‌కి వచ్చింది మూడో వంతు ఓట్లే. ట్రోన్ ఆ పోటీలోకి చాలా ఆలస్యంగా, జనవరిలో వచ్చారు, ఓటింగ్ ఏప్రిల్‌లో. పాఠం ఆయనకి బాగానే ఎక్కింది. రెండోసారి దాదాపు పదకొండు నెలలు ముందుగా దిగారు.

2018 జూన్ 26న పోలైన ఓట్లు సుమారు 60 వేలు. ట్రోన్‌కి 24,103. మిల్లర్‌కి 18,524. తేడా 5,579, అంటే తొమ్మిది శాతం పైచిలుకు. హాషిమీకీ మానోకీ తలా పది శాతం వచ్చాయి. ఆ ఇద్దరిలో ఒక్కరు తప్పుకున్నా మిల్లర్ గెలిచేవారని అప్పట్లో అన్నవాళ్లు ఉన్నారు. అంత సులువుగా ఒప్పుకోలేను. ఒకరి ఓట్లన్నీ మూటగట్టి ఇంకొకరికి అప్పగించినట్టు జరగదు. కానీ పదిమందిలో ఆరుగురు వేరేవాళ్లని కోరుకున్నారన్నది లెక్క. ట్రోన్ ఖర్చుని ఆయన ఓట్లతో భాగిస్తే ఒక్కో ఓటుకి 400 డాలర్ల పైనే పడింది. అన్నట్టు, ఆ రోజు ట్రోన్ తన ఓటు తనకి వేసుకోలేరు. ఆయన ఇల్లు పొటోమాక్‌లో, డిస్ట్రిక్ట్ గీతకి అవతల. రాజ్యాంగం ప్రకారం ఆ రాష్ట్రంలో ఉంటే చాలు, డిస్ట్రిక్ట్‌లో ఉండక్కర్లేదు. జాన్ డెలానీ ఇల్లూ పొటోమాకే, అదీ గీతకి అవతలే.

అదే రోజు, అదే మాంట్‌గోమరీ కౌంటీలో, అదే పార్టీ బ్యాలెట్ మీద ఇంకో ఎన్నిక జరిగింది. దాన్ని పక్కన పెట్టి చూస్తేనే 2018 అర్థమవుతుంది. కౌంటీ పాలన నడిపే ఎగ్జిక్యూటివ్ పదవికి డేవిడ్ బ్లెయిర్ అనే వ్యాపారవేత్త సొంత డబ్బు 30 లక్షల డాలర్లకు పైగా పెట్టి దిగారు. ఎదురుగా మార్క్ ఎల్రిచ్, పాత స్కూలు టీచరు. కౌంటీ అప్పుడే కొత్త పద్ధతి తెచ్చింది: 150 డాలర్లు దాటని చిన్న విరాళాలు మాత్రమే తీసుకుంటామన్న అభ్యర్థులకి కౌంటీ ఖజానా దాని మీద కలిపి ఇస్తుంది. ఎల్రిచ్ ఆ పద్ధతిలో నడిచారు. రీకౌంటింగ్ అయ్యాక 77 ఓట్లతో గెలిచారు. 2022లో మళ్లీ ఆ ఇద్దరే. ఈసారి తేడా 32 ఓట్లు, గెలిచింది మళ్లీ ఎల్రిచ్. కౌంటీ పదవికి ఆ రూలు ఉంది, కాంగ్రెస్ సీటుకి లేదు. ఒకే పోలింగ్ బూత్, ఒకే కాగితం, ఒక గడిలో డబ్బున్నాయన ఓడిపోయారు, ఇంకో గడిలో గెలిచారు.

ట్రోన్ వైపు నుంచీ చెప్పాలి. ఎనిమిది మందిలో 40 శాతం తక్కువేమీ కాదు. తాను ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు కాబట్టి ఎవరికీ బాకీ లేననేది ఆయన వాదన. మేనల్లుడిని మాదకద్రవ్యాల వల్ల పోగొట్టుకున్న మనిషి, కాంగ్రెస్‌లో ఆ సమస్య మీద పనిచేశారు. 2022లో కోర్టు దెబ్బకి మ్యాప్ మారి సీటు కష్టమైనా నిలబెట్టుకున్నారు.

మ్యాప్ గురించి ఒక్క ముక్క. 2011లో డెమోక్రట్లు ఈ డిస్ట్రిక్ట్‌ని తిరగ్గీసి ఇరవయ్యేళ్లుగా ఆ సీట్లో ఉన్న రిపబ్లికన్ రోస్కో బార్ట్‌లెట్‌ని ఇంటికి పంపారు. అప్పటి గవర్నర్ మార్టిన్ ఓమాలీ తర్వాత వాంగ్మూలంలో ఆ ఉద్దేశం ఒప్పుకున్నారు కూడా. ఆ గీతలు రాష్ట్ర సెనేట్‌లో మెజారిటీ నాయకుడు రాబ్ గరాజియోలా కోసం గీశారని అందరూ అనుకున్నారు. 2012 ప్రైమరీలో బ్యాంకుల వ్యాపారంలో సంపాదించిన జాన్ డెలానీ వచ్చి ఆయన్ని చిత్తుగా ఓడించారు. వండింది ఒకరు, తిన్నది ఒకరు.

ఇప్పుడు మూడు ప్రైమరీలు వరసగా పెట్టి చూడండి. 2012లో డెలానీ, రెండో స్థానం రాష్ట్ర సెనేటర్‌ది. 2018లో ట్రోన్, రెండో స్థానం రాష్ట్ర అసెంబ్లీ సభ్యురాలిది. 2024లో ట్రోన్ అమెరికా సెనేట్‌కి వెళ్తానని సీటు వదిలితే బ్యాలెట్ మీదకి పదహారు మంది వచ్చారు. ఏప్రిల్ మెక్‌లేన్ డెలానీకి 40 శాతం, రెండో స్థానం మళ్లీ రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడిదే, ఉరుగ్వేలో పుట్టిన జో వోగెల్. మెక్‌లేన్ డెలానీ ఐడహోలో రైతు కుటుంబంలో పుట్టిన లాయరు, బైడెన్ ప్రభుత్వంలో వాణిజ్య శాఖలో పనిచేశారు. ఆమెని భర్త నీడ అనడం అన్యాయం. కానీ ప్రచారంలోకి సొంత డబ్బు లక్షల డాలర్లలో వచ్చింది, ఇల్లు పొటోమాకే. రాష్ట్ర రాజకీయాల్లో మెట్టు మెట్టు ఎక్కి వచ్చినవాళ్లు మూడుసార్లూ ఆఖరి మెట్టు దగ్గరే ఆగిపోయారు. 2012లో జరిగింది ఒక్కసారి తగిలిన దెబ్బ అనుకోవచ్చు. 2018 తర్వాత అది ఈ సీటు పద్ధతైపోయింది.

ట్రోన్ సెనేట్ ప్రైమరీలో ఆరు కోట్ల డాలర్లకు పైగా సొంత డబ్బు పోసి ఏంజెలా ఆల్సోబ్రూక్స్ చేతిలో ఓడిపోయారు. కాబట్టి డబ్బుంటే ప్రతిసారీ గెలుస్తారని కాదు. రాష్ట్రమంతా ఒకటైన పోటీలో, పార్టీ పెద్దలు ఒకరి వెనక నిలబడ్డప్పుడు ఆయన గెలవలేదు. గెలిచింది ఓట్లు ఎనిమిది ముక్కలైన చోట.

అరుణా మిల్లర్ సంగతి తెలిసిందే. గవర్నర్ పదవికి పోటీ చేసిన వెస్ మూర్ ఆమెని జోడీగా ఎంచుకున్నారు. 2022 గవర్నర్ ప్రైమరీ కూడా కిక్కిరిసినదే, మూర్ గెలిచింది 32 శాతంతో. చీలిన ఓట్లు ఈసారి ఆమె వైపు కలిసొచ్చాయి. 2023 జనవరిలో భగవద్గీత మీద ప్రమాణం చేసి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ఓడిపోయాక ఇంకా పైకి వెళ్లారు కదా, బాధెందుకు అనేవాళ్లున్నారు. ఆమెకి బాగానే జరిగింది. 270 హైవే పొడుగునా ఉన్నవాళ్లకి కాంగ్రెస్‌లో ఎవరు ఉండాలన్న ప్రశ్న మాత్రం పొటోమాక్‌లోనే ఉండిపోయింది.

ఈసారి డబ్బు రెండు వైపులా ఉంది కాబట్టి అది ఒకదానికొకటి చెల్లిపోతుందని కొందరి అంచనా. అది ఆ ఇద్దరి మధ్య మాత్రమే. మూడో మనిషికి 2018 కంటే రెట్టింపు కష్టం. టీవీలో ప్రకటనల ధర పెంచేవాళ్లు ఇప్పుడు ఇద్దరు.

మాంట్‌గోమరీ కౌంటీలో ఎల్రిచ్‌ని గట్టెక్కించిన చిన్న విరాళాల పద్ధతిని కాంగ్రెస్ ఎన్నికలకీ తేవాలని 2021లో హౌస్ ఒక బిల్లు పాస్ చేసింది. 200 డాలర్ల లోపు ప్రతి విరాళానికీ ఆరు రెట్లు కలిపి ఇవ్వాలని అందులో ఉంది. డెమోక్రట్లలో దాన్ని వ్యతిరేకించింది ఒక్కరే, ఆయన మిసిసిపీ సభ్యుడు. ట్రోన్ ఓటు బిల్లుకి అనుకూలంగానే పడింది. అది సెనేట్‌లో ఆగిపోయింది.